చూసినోళ్లే మొదలెక్కాలె

అనసూర్య మొగుడు ఎల్లేశం మంచివాడే. ఆ మాట ఆమే నలుగురిలో చెబుతుంది. తాగడు, చెయ్యెత్తడు, కూరలో ఉప్పు ఎక్కువైనా కిమ్మనకుండా తిని లేస్తాడు. గోదావరిఖనిలో వాళ్లుండే కాలనీ అంతా గాలించినా ఇలాంటి మనిషి ఇంకొకడు దొరకడు. కాకపోతే ఆ మంచివాడికి ఒక పిచ్చి ఉంది. ఎక్కడ తాడు కనబడినా దాన్ని చేత్తో తడిమి చూడందే అడుగు ముందుకు వెయ్యడు.

ముప్పై ఎనిమిదేళ్లు గనిలో ఆయన పని అదే మరి. ఏటవాలు సొరంగంలో మనుషులను కిందికి దించి, పైకి లాగే బండి ఉంటుంది. ఆ బండిని పట్టుకుని ఉండేది ఒక్క ఇనుప తాడు. పొద్దున షిఫ్టు దిగకముందే ఆ తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ఒక్క తీగ కూడా తెగలేదని చెప్పాల్సిన మనిషి ఎల్లేశం. ఆయన బాగుందంటేనే బండి కదిలేది. రిటైరై మూడేళ్లయింది, ఆ చేతులు మాత్రం రిటైరు కాలేదు. బట్టలారేసే దండెం తాడును వారానికోసారి చూస్తాడు. పక్కింటివాళ్ల మేకకు కట్టిన తాడును కూడా చూస్తాడు. మేక ఏమీ అనదు కాబట్టి సరిపోయింది.

అనసూర్య మాత్రం ఎంతకని ఊరుకుంటుంది? పెళ్లయిన ఏడాది జాతరలో రంగులరాట్నం ఎక్కుదామని ఆశపడితే, “గా ఇరుసును పట్టుకున్న రోపు ఎవలు చూసిండ్రు?” అని అడిగి ఆ రాట్నమాయనతో తగాదా పెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. పుష్కరాల్లో పడవ ఎక్కనివ్వలేదు. మొన్నటికి మొన్న కరీంనగర్‌లో చెల్లెలి కోడలికి కాన్పయిందని దవాఖానకు పోతే, లిఫ్టు దగ్గర వాచ్‌మన్‌ను పట్టుకుని అదే ప్రశ్న.

“లిఫ్టుకు రోపుంటదా సార్?” అన్నాడు ఆ వాచ్‌మన్ నోరు తెరిచి.

అయిపోయింది. ఐదంతస్తులు మెట్లెక్కి పైకి చేరేసరికి బాలింత లేచి కూర్చుని అనసూర్యకు మంచం ఇవ్వాల్సి వచ్చింది.

అసలు సంగతేమిటంటే, అనసూర్య నేల మీద నిలబడే రకం కాదు. మంథని పక్క పల్లెలో పుట్టింది. చింతచెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కి చిగురు కోసుకొచ్చేది. వాళ్లమ్మ కింద నిలబడి “దిగవే కోతిముండా” అని తిడుతుంటే, పైనుంచి నాలుగూళ్ల అవతలి గుట్టలు చూస్తూ పాటలు పాడేది. పంతొమ్మిదో ఏట ఎల్లేశం చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నేల మీద పెట్టిన కాలు నలభై ఏళ్లుగా మళ్లీ పైకి లేవలేదు.

అలాంటిదానికి ఒకరోజు కూతురు రాజకుమారి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. కెరమెరి ఘాట్ దాటినాక గద్దగుట్ట అని ఒక గుట్ట ఉందట. ఆ గుట్ట మీది నుంచి ఎదుటి గుట్ట మీదికి ఇనుప తాడు కట్టారట. నడుముకు బెల్టు బిగించి కొక్కేనికి తగిలిస్తే, లోయ మీదుగా జుయ్యిమని పోవడమే. వీడియోలో ఒక పిల్ల చేతులు రెండూ చాపి పోతోంది. అనసూర్య ఆ వీడియోను పదకొండుసార్లు చూసింది. పన్నెండోసారి చూస్తుంటే కింద రాసింది కనబడింది. అరవై నిండినవాళ్లకు ప్రవేశం లేదు.

ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు జనవరి ఒకటి. ఆ కాలంలో పుట్టినవాళ్లందరికీ అదే పుట్టినరోజు, అది వేరే సంగతి. వచ్చే జనవరి ఒకటికి అరవై నిండుతాయి. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. అంటే ఉన్నది నలభై చిల్లర రోజులు.

“రాజీ, నేను గది ఎక్కాలె,” అంది కూతురితో. “ఎక్కకుండ చస్తే నా పానం ఆ గుట్టల మీదనే తిరుగుతది. నీ ఇష్టం.”

రాజకుమారి శ్రీరాంపూర్‌లో టీచరు. తల్లిలో ఉన్న కోతి కొంచెం ఆమెలోనూ ఉంది. ఆ శనివారమే బడికి సెలవు పెట్టింది, కారు తనే నడుపుతుంది, మొగుడు ఉపేందర్‌కు మొదటి షిఫ్టు డ్యూటీ కాబట్టి రాడు. తండ్రికి ఒక్క ముక్కే చెప్పింది. “వనభోజనాలకు పోదాం బాపూ.”

“ఉసిరి చెట్టుంటదా?” అని అడిగాడు ఎల్లేశం.

“ఉంటది.”

“అయితె పోదాం.”

తెల్లవారకముందే బయలుదేరారు. గోదావరి వంతెన దాటి, మంచిర్యాల దాటి, బెల్లంపల్లిలో చాయ్ తాగారు. ఆసిఫాబాద్ దాటాక ఎండ ఎక్కింది గానీ ఘాట్ మొదలయ్యేసరికి మళ్లీ చలి. రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతుంటే, ఒక వంపులో టేకుచెట్ల కొసలు కిటికీ పక్కకు వచ్చేవి, ఇంకో వంపులో మంచు కారును కమ్మేది. అనసూర్య వెనక సీట్లో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి జరుగుతూ కూర్చుంది. ఎల్లేశం కూడా ముందు సీట్లో సంబరంగానే ఉన్నాడు. దారి పక్కన పత్తి చేలు చూసి, ఇక్కడ పంట బాగుందని మూడుసార్లు అన్నాడు.

ముందు జలపాతం చూశారు. దానికి పోవాలంటే బండల మీద అరగంట దిగాలి. జారకుండా పట్టుకోవడానికి ఒక నైలాన్ తాడు కట్టి ఉంది. ఎల్లేశం ఆగిపోయాడు. ఆ తాడును మొదటి చెట్టు దగ్గర విప్పి, తిరిగి ముడేసి, దాని మీద తన బరువంతా వేసి ఊగి చూసి, రెండో చెట్టు దగ్గరికి పోయాడు. వెనక కొండ దిగడానికి వచ్చిన జనం వరుస కట్టి నిలబడ్డారు. ఒకాయన రాజకుమారిని “సార్ ఫారెస్టు డిపార్ట్‌మెంటా అమ్మా?” అని అడిగాడు. ఆమె అవునంది. ఏం చెయ్యాలి మరి?

నీళ్లు చూశారు, తడిశారు. నిజంగానే ఒక ఉసిరి చెట్టు వెతికి దాని కింద పులిహోర, గారెలు, వంకాయ కూర తిన్నారు. ఎల్లేశం చేతులు కడుక్కుని బండ మీద నడుం వాల్చబోయాడు.

“బాపూ, ఒక్కటున్నది ఇంక,” అంది రాజకుమారి.

గద్దగుట్ట పైకి చేరేసరికి రెండయింది. ఇనుప స్తంభాలతో కట్టిన మంచె, మంచె అంచు నుంచి లోయ. లోయ అడుగున ఎర్ర పెంకుల ఇండ్లు, సన్నటి వాగు, మేస్తున్న పశువులు. అవతల ఇంకో గుట్ట, దాని మీద ఇంకో మంచె. రెండింటి మధ్య రెండు తాళ్లు, ఒకటి పోయేందుకు, ఒకటి వచ్చేందుకు. గాలికి అవి సన్నగా మోగుతున్నాయి.

ఎల్లేశం ఆ తాళ్లను చూశాడు. కూతురిని చూశాడు. పెళ్లాం ఎక్కడుందా అని అటూ ఇటూ చూశాడు. అనసూర్య మంచె పక్కనున్న గదిలోంచి కూతురి పంజాబీ డ్రెస్సు వేసుకుని, కొంగు లేక ఏం చెయ్యాలో తెలియని చేతులతో బయటికి వచ్చింది.

“ఏందే గిది?” అన్నాడు ఎల్లేశం.

“డ్రెస్సు.”

“వనభోజనాలంటివి గద బిడ్డా?” అని కూతురి వైపు తిరిగాడు.

“తింటిమి గద బాపూ.”

అక్కడి మనిషి టోనీ ముందుకు వచ్చాడు. ముప్పై దాటిన వాడు, మెడలో చిన్న శిలువ. ఆ తాళ్లూ మంచెలూ అతనివే. అనసూర్య ఆధార్ కార్డు చూసి, “చిన్నమ్మా, మంచి టైముకే వచ్చినవ్,” అని నవ్వాడు. “ఐదింటికి బంద్ చేస్తం. పోయి రావచ్చు, మస్తు టైమున్నది.”

“పిలగా,” అన్నాడు ఎల్లేశం. “రోపు ఎవలు చూసిండ్రు?”

“నేనే చూసిన కాకా, పొద్దుగాల. రిజిస్టర్ల సంతకం గూడ ఉన్నది.”

“నువ్వు చూసినవ్. నేను చూడలె.”

అప్పటికే మంచిర్యాల కాలేజీ పిల్లలు నలుగురు బెల్టులు బిగించుకుని నిలబడి ఉన్నారు. వాళ్లు గొణిగారు. రాజకుమారి నేల చూపులు చూసింది. టోనీ ఎల్లేశాన్ని ఎగాదిగా చూసి, “నువ్వు ఏ మైన్ల పనిచేసినవ్ కాకా?” అని అడిగాడు. ఎల్లేశం చెప్పాడు. “మా నాయిన సామ్యేల్ గూడ అండర్‌గ్రౌండే, బెల్లంపల్లిల,” అన్నాడు టోనీ. “ఇంట్లనె నువ్వసొంటోడున్నడు. చూడు కాకా, వద్దంటే ఇనేటోనివి గావు.”

ఎల్లేశం చొక్కా చేతులు మడిచాడు. స్తంభం దగ్గర బిగింపులు చూశాడు, బోల్టులు తట్టి చూశాడు, కొక్కెం చక్రం తిప్పి చూశాడు. చేతికి అందినంత మేరా తాడును తడిమాడు. మరి లోయ మీద వేలాడేదాన్ని ఎట్లా చూడడం? దానికీ ఒక ఉపాయం ఉంది. మెత్తటి నూలు బట్టను తాడు చుట్టూ బిర్రుగా చుట్టి, ఖాళీ కొక్కేనికి కట్టి, సన్నటి తాడుతో అవతలికి లాగించాడు, మళ్లీ ఇవతలికి లాగించాడు. తాడులో ఎక్కడైనా ఒక్క తీగ తెగి లేచి ఉంటే బట్టను పట్టుకుంటుంది, పోగు లాగేస్తుంది. అవతలి మంచె మీద రఘుపతి అనే అతను ఉన్నాడు. అతనూ టోనీ వాకీటాకీల్లో “లాగు”, “ఆపు” అనుకుంటూ ఈయన చెప్పినట్టల్లా చేశారు. గంట గడిచింది.

బట్ట విప్పి వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్క పోగు లేవలేదు.

“ఫస్ట్‌క్లాస్ రోపు,” అన్నాడు ఎల్లేశం, మనస్ఫూర్తిగా. “మంచిగ చూసుకుంటున్నవ్ పిలగా.”

అనసూర్యకు ప్రాణం లేచొచ్చింది. బెల్టులు వేస్తారేమోనని రెండు చేతులూ ఎత్తి నిలబడింది. ఈలోగా ఎల్లేశం చెప్పులు విడిచి, జేబులోని కళ్లద్దాలు తీసి కూతురికిచ్చి, మంచె ఎక్కాడు.

“బెల్టులు తేండ్రి. మొదలు నేను ఎక్కుత.”

“నువ్వెందుకు కాకా?” అన్నాడు టోనీ.

“మా ఉస్తాద్ రాయమల్లు పెట్టిన కట్టుబాటు గిది. రోపు బాగున్నదని నోటితోని ఎవడన్నా అంటడు. అన్నోడే మొదటి బండిల కూసోవాలె. వాడు కిందికి దిగి, ఫోన్ల చెప్పినంకనే షిఫ్టోళ్లు ఎక్కాలె. చూసినోళ్లే మొదలెక్కాలె. నా సర్వీసుల ఒక్కరోజు గూడ నేను ఎక్కకుండ బండి పోలె.”

“కాకా, నీకెన్నేండ్లు?”

“అరవై నాలుగు.”

టోనీ మంచె పక్కనున్న బోర్డు చూపించాడు. అరవై నిండినవాళ్లకు ప్రవేశం లేదని దాని మీదా రాసి ఉంది. ఎల్లేశం బతిమాలాడు, గదిమాడు, తన చెయ్యి పట్టుకుని నాడి చూడమన్నాడు. టోనీ కదల్లేదు. “దేవుని తోడు కాకా, మా నాయిన అడిగినా ఎక్కియ్య. నా కట్టు నాది.” అదీ న్యాయమే. ఎల్లేశానికి కూడా అది న్యాయంగానే తోచింది. మంచె దిగి చెప్పులు తొడుక్కున్నాడు.

“అయితె మావోళ్లు ఎవ్వలెక్కరు,” అన్నాడు. “పాండ్రి ఇంటికి.”

ఇక చూడండి అనసూర్యను. నలభై ఏళ్లుగా మింగినదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

“ఏమయ్యా, నీకు మనసన్నది ఉన్నదా? రోపు బాగలేకుంటే ఎక్కద్దంటివి, సరే అంటిని. ఇయ్యాల బాగున్నదంటివి, అయినా ఎక్కద్దంటివి. ఇంక ఎట్లుంటే ఎక్కాలె నేను? రాట్నం లేకపాయె, పడవ లేకపాయె, ఆఖరికి దవాఖాన లిఫ్టు లేకపాయె. జనవరి వస్తే గా బోర్డు నన్ను గూడ ఆపుతది. అప్పుడు నీకు నిమ్మళం. చచ్చినంక ఎట్లనో పైకే పోత గద, అప్పుడు గూడ రోపు చూస్తనంటవా?”

కాలేజీ పిల్లలు నవ్వాపుకోలేక అటు తిరిగారు. ఎల్లేశం నవ్వలేదు, కోప్పడలేదు. పక్కనున్న బండ మీద కూలబడ్డాడు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

“చూసినోడు ఎక్కకుండ నిన్నెట్ల పంపుత అనసూర్యా?” అన్నాడు. “నాతోని కాదు. తిట్టు, కొట్టు, నాతోని కాదు.”

ఆ గొంతు విని అనసూర్య కోపం సగం చల్లారింది. ఇది మొండితనమైతే ఆమె గెలిచేది. మొండితనంతో నలభై ఏళ్లు వేగింది కాబట్టి దానికి మందు ఆమెకు తెలుసు. ఇది అది కాదు. ఆయనతో నిజంగానే కాదు. పోనీలే పాపం, ఇంటికి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ తాడు మోగుతోంది, లోయ పిలుస్తోంది, ఉన్నది నలభై రోజులు. నలభై రోజుల్లో ఈయన మారతాడా?

ఆమె పోయి ఆయన పక్కన కూర్చుంది.

“చూసినోళ్లే మొదలెక్కాలె. గంతే గద నీ కట్టు?”

“గంతే.”

“అయితె నేను చూస్త.”

ఎల్లేశం తలెత్తాడు. “ఏం మాట్లాడుతున్నవ్? గది ఒక్క పూటల వచ్చే పనా?”

“నలభై ఏండ్ల సంది బియ్యంల రాళ్లు ఏరుతున్న. ఒక్కనాడన్న నీ పంటి కింద రాయి తగిలిందా? తగిలితే చెప్పు, ఇప్పుడే ఇంటికి పోదాం.”

తగల్లేదు. అబద్ధం ఆడే మనిషి కాదు కాబట్టి తగిలిందని అనలేకపోయాడు. టోనీ గడియారం చూసి, “మూడున్నర అయింది కాకా,” అని మెల్లగా గుర్తు చేశాడు.

అలా మొదలైంది చదువు. కాలేజీ పిల్లలు కూడా ఎక్కడం మాని తమాషా చూస్తూ ఆగిపోయారు. ఎల్లేశం ఇంట్లో ఎంత మెత్తనో తాడు దగ్గర అంత కఠినం. “కండ్లతోని చూసుడు తర్వాత. ముందు కండ్లు మూసుకో, చేతితోని చూడు. అట్ల గట్టిగ పట్టుకోకు, గిదేం మేక గాదు పారిపోను. తీగ తెగితే సూది లెక్క గుచ్చుకుంటది. తుప్పైతే గరుకు తగులుతది. గిరీసు ఎండితే గూడ గరుకే, కని గోటితోని గీకితే పోతది. తేడా తెలువాలె.” అనసూర్య కళ్లు మూసుకుని వేళ్లు నడిపింది. ఒకచోట ఆగి గోటితో గీకి, “గిది గిరీసు,” అంది. ఎల్లేశం “ఊఁ” అన్నాడంతే.

ఒకసారి ఆమెను అటు తిరగమని, ఏదో చేసి, మళ్లీ చూడమన్నాడు. ఆమె మెల్లగా తడుముతూ పోయి చటుక్కున చెయ్యి తీసేసింది.

“గీడ గుచ్చుకున్నది. గిందాక లేకుండె గిది.”

తాడు అల్లికలో ఒక చిన్న తుమ్మముల్లు దూర్చి ఉంది. రాయమల్లు ఉస్తాద్ తనకు పెట్టిన పరీక్ష అదేనని, తను మొదటిసారి దాటిపోయి చెంపదెబ్బ తిన్నానని ఎల్లేశం చెప్పాడు. చెబుతూ నవ్వాడు. పొద్దుటి నుంచీ ఆయన అలా నవ్వడం అదే మొదలు. అనసూర్య ముల్లు తీసి పారేసి, “నీ బుద్ధి పాడుగాను,” అంది, కానీ ఆమెకు ఎంత గర్వమైందో చెప్పలేం. బిగింపులు చూసింది, కొక్కెం చూసింది, బట్ట చుట్టించి అవతలికి పంపించి తెప్పించి చూసింది.

“ఎట్లున్నది?” అని అడిగాడు ఎల్లేశం.

“బాగున్నది,” అంది అనసూర్య ఠక్కున.

టోనీ రిజిస్టర్ చాపితే సంతకం పెట్టింది. ఎల్లేశం ఆమె బెల్టులు మూడుసార్లు లాగి చూశాడు, నాలుగోసారి చూడబోతే రాజకుమారి తండ్రి చెయ్యి పట్టుకుంది. టోనీ కొక్కెం తగిలించాడు. “చిన్నమ్మా, మూడనంగనే కాళ్లు ఎత్తు,” అన్నాడు. అతను రెండు అనేసరికే అనసూర్య ఎత్తేసింది.

అమ్మో, ఏం చెప్పాలి! కాళ్ల కింద మంచె ఒక్కసారిగా లేకుండా పోయింది. తర్వాత ఏ బరువూ లేదు. గాలి చెవుల్లో హోరుమంటోంది. కాళ్ల కింద వాగు, వాగు పక్కన బట్టలుతికే ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు, ఒక కొంగల గుంపు ఆమె కంటే కిందగా పోతోంది. చింతచెట్టు కొమ్మ మీద కూర్చున్నప్పుడు ఆ గుట్టల అవతల ఏముందో చూడాలనుకునేది. ఇదిగో, ఇదే ఉంది. గుట్ట వెనక గుట్ట, దాని వెనక నీలంగా ఇంకో గుట్ట. చేతులు చాపింది. ఏదో ఒకటి అరవకపోతే గుండె పగిలిపోయేట్టుంది. నోటికి వచ్చిందల్లా అరిచింది.

“ఓ ఎల్లేశం! ఓ ఎల్లేశమో!”

లోయ లోయంతా ఎల్లేశం ఎల్లేశం అని మారుమోగింది. నలభై ఏళ్లలో మొగుడిని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అవతలి మంచె మీద దిగి, రఘుపతి కొక్కెం విప్పేసరికి ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. రఘుపతి నడుముకున్న వాకీటాకీ గరగరమంది.

“పేరు పెట్టి పిలుస్తున్నవా?” అంటోంది ఎల్లేశం గొంతు. “దిగినవా? కాళ్లు చేతులు మంచిగున్నయా?”

“మంచిగున్న. రాజిని పంపు.”

రాజకుమారి వచ్చింది, వెనకే కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే కేకలు పెడుతూ వచ్చారు. తల్లీకూతుళ్లు వాటేసుకున్నారు, ఫోటోలు దిగారు. అప్పుడు రఘుపతి రెండో తాడు వైపు చెయ్యి చూపించాడు. “ఇగ వాపస్ పోవుడు పెద్దమ్మా. నాలుగున్నర దాటింది.”

వాకీటాకీ మళ్లీ గరగరమంది. “అనసూర్యా, వాపసొచ్చే రోపు మనం చూడలె. నాకు ఇటు కొసనే అందుతది. కాలిబాట ఉన్నదట, దిగి నడిచి రాండ్రి.”

“నేనున్న గద. చూసే వస్త,” అంది అనసూర్య. రెండు మైళ్లు నడవడం ఆమెకు కష్టమేమీ కాదు. కానీ ఎగిరినదానికి నడక రుచిస్తుందా? బట్ట నడుముకు దోపుకునే ఉంది. సన్నటి తాడు కట్టి దాన్ని అవతలికి పంపి తెప్పించింది. బిగింపుల మీద చకచకా చేతులు నడిపింది. రఘుపతి తను పొద్దున్నే చూశానంటున్నా వినలేదు.

అదే మంచె మీద ఆ చివర రాజకుమారి కాలేజీ పిల్లలతో నవ్వుతూ, నెత్తిమీది టోపీ సరిచేసుకుంటోంది. అది చూసిన అనసూర్య చెయ్యి నెమ్మదించింది.

మొదటి తాడును ఇద్దరు చూశారు. ఆయన చూశాక తను చూసింది. తన చూపులో ఏదైనా తప్పిపోయినా ఆయన చూపు ఉంది. ఈ తాడును చూసింది తనొక్కతే. తను ఒక్క మాట అంటే రాజకుమారి దీన్ని ఎక్కుతుంది. ఎవరి పిల్లలో, ఆ నలుగురూ ఎక్కుతారు. ఇందాక ఈ బిగింపు దగ్గర గిరీసు అనుకుని దాటేసింది గిరీసేనా?

వెనక్కి వచ్చింది. కళ్లు మూసుకుని మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. గోటితో గీకింది. అయిపోయాక మూడోసారి చూసింది.

“అమ్మా, అచ్చం బాపు లెక్కనే చేస్తున్నవ్,” అని నవ్వింది రాజకుమారి. అనసూర్యకు నవ్వు రాలేదు.

“ఎట్లున్నది?” అంది వాకీటాకీలో ఎల్లేశం గొంతు.

తాడు బాగానే ఉంది. వేళ్లకు ఎక్కడా ఏమీ తగల్లేదు, బట్టకు ఒక్క పోగు లేవలేదు. అయినా బాగుందని అనలేకపోయింది. ఆమె రఘుపతి చేతిలోంచి వాకీటాకీ తీసుకుని మంచె మూలకు పోయింది.

“నువ్వెట్ల చెప్పేటోనివయ్యా?” అంది. “రోజూ, గంతమందికి?”

వాకీటాకీ గరగరమంది.

“భయమైతుండె,” అన్నాడు ఎల్లేశం. “రోజూ అయితుండె. చెప్పినంక మొదలు నేను కూసునేటోన్ని, అప్పుడు జర తగ్గుతుండె.”

“నాకెన్నడు చెప్పకపోతివి.”

“చెప్తే నీకు నిద్ర వచ్చేదా?”

అనసూర్య ఎదుటి గుట్ట వైపు చూసింది. అంత దూరంలో చిన్నగా ఒక మనిషి, రెండు చేతులూ తాడు మీద పెట్టి నిలబడ్డాడు. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిచ్చి, తలుపు దగ్గరేసుకుని మళ్లీ పడుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆమె హాయిగా నిద్రపోతున్న ఆ వేళకే ఆయన రోజూ మొదటి బండిలో ఒక్కడే కూర్చుని చీకట్లోకి దిగేవాడు. కళ్లు తుడుచుకుంటే చేతి గిరీసు చెంపకు అంటింది.

“బాగున్నది,” అంది వాకీటాకీలో.

అప్పటికే రాజకుమారి కొక్కెం దగ్గర నిలబడి ఉంది. అనసూర్య కూతురి భుజం పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిపింది.

“నేను దిగి చెప్పినంక రా బిడ్డా,” అని, తన బెల్టులు తనే బిగించుకుని, మొదట తనే ఎక్కింది.